రెండంచుల బల్ల

వేలు పెడితే బువ్వ వచ్చే యంత్రాన్ని ఈ భూమి మీద మొట్టమొదట కనిపెట్టింది మా తాత. జపానోళ్లు, అమెరికావోళ్లు తరువాత వచ్చి దానికి కరెంటు తగిలిచ్చిన్రు, అంతే. ఈ మాట నేను ఎవ్వల ముంగటనైన అంట. పోయిన జనవరిల హైదరాబాద్ నుమాయిష్‌కు పోయిన. అక్కడ ఒక దుకాణంల అద్దం లెక్క మెరిసే తెర పెట్టిన్రు. తెర మీద సమోసా బొమ్మ, ఐస్‌క్రీం బొమ్మ, చాయ్ బొమ్మ. కావల్సిన బొమ్మ మీద వేలు పెడితే లోపటున్నాయనకు ఎరుకైతది. జనం నోరు తెరుసుకొని చూస్తున్నరు. నాకు నవ్వొచ్చింది. పక్కనున్న పెద్దామె ఎందుకు నవ్వుతున్నవని అడిగితే, "ఇది మా మంచిర్యాలల తొమ్మిదేండ్ల కిందనే ఉన్నదమ్మా, మా తాత చేసిండు, కరెంటు పోయినా పనిచేస్తది" అన్న. ఆమె కొంచెం దూరం జరిగి నిలబడ్డది.

నేను అబద్ధం చెప్పలే. జర పెంచి చెప్పిన. ఎంత పెంచిన్నో మీరే చూడున్రి.

మా తాత పేరు రామచంద్రం. సిరిసిల్ల పద్మశాలి. మీసం మొలవక ముందే చేతిమగ్గం మీద చీరల అంచులు నేసుడు నేర్సుకున్నడు. చీర నడిమి భాగం ఎవ్వలన్న నేస్తరు, అంచు నేసేటోనికి కండ్లు వేరే ఉండాలె అని ఇప్పటికీ అంటడు. 1969ల చేతిమగ్గం గిట్టుబాటు కాక సాంచాల షెడ్డుకు కూలికి పోయిండు. సాంచా అంటే కరెంటు మగ్గం. ఒక్క షెడ్డుల ఇరవై సాంచాలు ఆడుతుంటే పక్కన మనిషి పడిపోయినా చప్పుడు వినబడదు. పదేండ్లు ఆ మోతల నిలబడి నిలబడి, రెండు చెవులు షెడ్డుకే ఇచ్చి ఇంటికి వచ్చిండు.

షెడ్డుల నోటితోని పని కాదు గనుక అందరు చేతులతోని మాట్లాడుకునేటోళ్లు. బొటనవేలు పెదవుల కాడ పెడితే నీళ్లు. రెండు వేళ్లు తిప్పితే దారం తెగింది. ముక్కు మీద వేలు పెడితే సేటు వస్తుండు. చెవులు పోయినంక గూడ తాతకు ఆ చేతుల భాష పోలే. ఇంట్ల ఎవ్వలకన్న కోపమొస్తే ఇప్పటికీ ముక్కు మీద వేలు పెడతడు. అందరం సర్దుకొని కూసుంటం.

మా బాపమ్మ బాలలక్ష్మి ఆయనను మంచిర్యాలకు తోలుకొచ్చి స్టేషన్ ముంగట హోటల్ పెట్టింది. బోర్డు మీద మార్కండేయ హోటల్ అని రాసి ఉంటది. ఊరంత చెవిటాయన హోటల్ అంటరు. లోపల పొయ్యి కాడ బాపమ్మ. ముంగట తలుపు పక్కన, మూడు కాళ్ల స్టూలు మీద తాత. నడుమ పళ్లాలు మోసేది నేను. పదో తరగతి రెండుసార్లు తప్పిన. ఇంట్ల ఉంటే నోరు ఇంకా పెరుగుతదని మా బాపు నన్ను ఇక్కడ దింపిపోయిండు. వచ్చినంక గూడ అది పెరుగుడు ఆగలే.

వచ్చినోళ్లకు ఏం కావాల్నో తాత పెదవులు చూసి తెలుసుకునేటోడు. రోజు వచ్చేటోళ్లతోని ఫికర్ లేకుండె. కాని బొగ్గుబాయిల పనికి ఎక్కడెక్కడోళ్లో దిగేటోళ్లు. బల్లార్షా దిక్కు మరాఠోళ్లు, ఆసిఫాబాద్ దిక్కు గోండులు, ఉత్తరాది నుంచి వచ్చినోళ్లు. ఒక్కొక్కని పెదవులు ఒక్కొక్క తీరు కదులుతయి. మీసం పెదవి మీదికి దిగితే ఇగ తాతకు మాటే కనబడదు. అటువంటప్పుడు తాత తల ఊపేటోడు. ఊపి, తనకు తోచింది లోపలికి చెప్పేటోడు. ఎక్కువ సార్లు నడిచిపోయేది.

1988ల చవితి పండుగైన పదకొండు దినాలకు నడవలే. మెడల తులసిపూసలేసుకొని నీసు ముట్టని మరాఠా పెద్దమనిషి ఒకాయన రైలు దిగి వచ్చి ఏదో అడిగిండు. గుబురు మీసం. తాత తల ఊపిండు, మేకపేగుల బోటి కూర తెప్పిచ్చిండు. ఆ పెద్దమనిషి పళ్లెం దిక్కు చూసిండు. లేచి బయటికి పోయి, తిననే తినని నోరు చానసేపు కడుక్కున్నడు. బాపమ్మ చేతులు జోడిచ్చుకుంట ఆయన వెనుక స్టేషన్ దాక పోయింది.

వాపస్ వచ్చి తాత మొఖానికి ఎదురుంగ నిలబడి, పెదవులు బాగ కదుపుకుంట చెప్పింది. "ఏమయ్యా, ఇగ నువ్వు ముంగట కూసోకు. పెద్దపల్లి నుంచి మా తమ్ముడు బాలమల్లును రమ్మంటున్న. పెత్రమాస అమాస దాటంగనే వస్తడు. నువ్వు లోపల ఉల్లిగడ్డలు కొయ్యి."

"ఉల్లిగడ్డలా?"

"ఆఁ. వాటికి మాటలు రావు."

తాత పోయి స్టూలు మీద కూసున్నడు. నాకు అప్పుడు నవ్వు రాలే. చెవులున్నోళ్లకు అది మూడు కాళ్ల స్టూలు. తాతకు అదే లోకం. వచ్చే రైలు, పోయే రిక్షా, నమస్తే పెట్టే మనిషి, అన్ని అక్కడి నుంచే కనబడాలె. లోపల పొగ, గోడ తప్ప ఏం లేదు. చెవులు పోయినోనికి కండ్లు గూడ మూసినట్టే.

కొంచెంసేపైనంక లేచి వచ్చి బాపమ్మను అడిగిండు. "పెత్రమాసకు ఎన్ని దినాలున్నయే?"

"పదిహేను."

"గప్పటి దాక స్టూలు నాదే గద?"

"నీదే. మళ్ల ఎవ్వని నోట్ల బోటి పెట్టకు."

తెల్లారి తాత ఒక పాత టేకు తలుపు సంపాదించుకొచ్చిండు. బోర్డులు రాసే రాజయ్య కాడ మిగిలిన రంగులు అడుక్కొచ్చిండు. మూడు దినాలు కూసొని బొమ్మలు గీసిండు. చాయ్, ఇడ్లీ, పూరీ, సర్వపిండి, జొన్నరొట్టె, అన్నం, పప్పు, బోటి. వచ్చినోడు బొమ్మ మీద వేలు పెట్టాలె. తాత చూసి, లోపలికి చేతితోని సైగ చెయ్యాలె. ఎవ్వల పెదవులు ఎవ్వలు చూసే పని లేదు. షెడ్డుల బతికిన మనిషికే తట్టే ఉపాయం.

అంత మంచిగనే ఉన్నది. కాని గీసింది అంచు నేసిన చెయ్యి. తలుపు కింది కొసకు ఎనిమిది బొమ్మలు ఒక వరుస. పై కొసకు అవే ఎనిమిది ఇంకో వరుస, తలకిందులుగ. నడుమ ఖాళీ జాగ ఉంచుడు ఆయనకు పాపమనిపిచ్చిందేమో, అంత పువ్వులు వేసిండు.

బాపమ్మ చేతిల గంటె పట్టుకొని వచ్చి చూసింది. "గీ మీది చాయ్ ఒలికిపోతున్నది గదయ్యా."

"అంచు అంటే రెండు దిక్కుల ఉంటది. ఒక్క అంచు చీర ఎవ్వలన్న కడతరా?"

"నేను దీన్ని కట్టుకోవాల్నా?"

తాత ఆ మాట కనబడనట్టే మొఖం తిప్పుకున్నడు. ఆయనకు అదొక సుఖం. వినొద్దనుకుంటే కండ్లు తిప్పుకుంటే చాలు.

బోర్డును గోడకు కొట్టి పరీక్ష మొదలుపెట్టిండు. ఎవ్వలు వస్తే వాళ్లను బోర్డు ముంగట నిలబెట్టేది. సరైన పళ్లెం పోతే మట్టి గురిగిల ఒక చింతగింజ, తప్పు పళ్లెం పోతే రేకుడబ్బల ఒక గింజ. పొద్దుగాల్నుంచి మాపటి దాక ఇరవై మందిని చూసిండు. ఇరవై గింజలు గురిగిలనే. తాత ఆ గురిగిని బాపమ్మ చెవి కాడ గలగలలాడిచ్చిండు.

ఆ ఇరవైల మొదటోడు రిక్షా వెంకటి. బాపమ్మ అతన్ని పిలిచింది. "వెంకటీ, నువ్వు ఏం తిన్నవ్ బిడ్డా?"

"పూరీ."

"నిన్న?"

"పూరీనే గద అత్తా. నాలుగేండ్ల సంది అదే తింటున్న."

"మరి బొమ్మ మీద వేలు పెట్టినవా?"

"రామచంద్రం మామ పెట్టమంటే పెట్టిన. పెట్టకున్నా పూరీనే తెస్తుండె."

నేను ఈ ముచ్చటంత తాతకు సైగలతోని చెప్పిన, ఉన్నదానికంటే జర ఎక్కువనే చెప్పిన. తాత గురిగి బోర్లిచ్చిండు. గింజలన్ని నేల మీద పోయినయి. అవి నేనే ఏరుకున్న.

ఇగ తెలిసినోళ్లను లెక్కల పట్టొద్దని కాయిదా పెట్టుకున్నడు. రైలు దిగి, నెత్తి మీద మూట దించకుండ లోపలికి వచ్చినోడే కావాలె. బోర్డు సంగతి వానికి ఎవ్వలు చెప్పొద్దు. ఎట్లనో వాడే తెలుసుకోవాలె. పళ్లెం ముంగట పెట్టినంక నేను వాని మొఖం చూడాలె. ముడుసుకుంటే తప్పు, విచ్చుకుంటే ఒప్పు. ఇది నా ఉద్యోగం. పదో తరగతి రెండుసార్లు తప్పినదాన్ని, ఒకరిది తప్పా ఒప్పా అని నేను తేల్చుడు నాకు మస్తు నచ్చింది.

రెండు దినాలు చూస్తే ఒక వింత కనబడ్డది. ఎవ్వలు వచ్చినా సర్వపిండే. మరాఠాయనకు సర్వపిండే, ఉత్తరాదాయనకు సర్వపిండే. పాపం వాళ్లు జన్మల బియ్యప్పిండితోని తట్టే సర్వపిండి చూసినోళ్లు కాదు. పళ్లెం పెడితే నడుమ బొక్కలెందుకున్నయని తిప్పి తిప్పి చూస్తున్నరు. నేను పళ్లాలు దించి తాతను చూసిన. బోర్డు పక్కననే నిలబడ్డడు. వచ్చినోడు జర తడబడితే చాలు, తాత కండ్లు సర్వపిండి బొమ్మ మీదికి పోతున్నయి. ఆయనకు ప్రాణమైన తిండి అదే. ఆకలిగొన్నోడు ఏం జేస్తడు, పెద్దమనిషి కండ్లు ఎటు పోతే అటే వేలు పెడుతుండు.

"తాతా, బోర్డు ఎందుకు, నీ మొఖమే గోడకు కొడదాం" అన్న.

ఆయన ముక్కు మీద వేలు పెట్టలే. మంగలి దుకాణం నుంచి పగిలిన అద్దం ముక్క తెచ్చి హోటల్ తలుపుకు గుచ్చి, స్టూలును బజారు దిక్కు తిప్పుకున్నడు. అప్పటి నుంచి వచ్చినోళ్లకు తాత వీపే కనబడేది. తాతకు అద్దంల వాళ్ల వేలు కనబడేది.

అప్పుడు అసలు సంగతి బయటపడ్డది. నలభై మందిల పదకొండు తప్పులు. మీది వరుస చూసినోళ్లు తల వంచి ఇది ఏందని అర్థం కాక, ఏదో ఒకదాని మీద వేలు పెట్టి పోతున్నరు. ఎరుపు పక్కన పసుపు అందంగ ఉంటదని తాత బోటి పక్కననే పప్పు గీసిండు. పప్పు అనుకొని వేలు జారితే బోటి వస్తున్నది. ఇంకొక తులసిపూసలాయన వస్తే స్టూలు అక్కడికక్కడనే పోతది.

తాత ఇంకొక చిన్న పలక తీసుకున్నడు. ఈసారి ఒక్కటే వరుస, పువ్వులు లేవు. అన్నం కుప్ప మీద పొగ గీసిండు, ఇడ్లీ అనుకోకుండ. బోటిని దూరం జరిపి నడుమ ఎర్ర గీత కొట్టిండు. గీసుకుంట గీసుకుంట మొఖం ముడుసుకున్నడు. "ఇది ముతకబట్ట" అన్నడు.

పొద్దంత ఒకటి, తెల్లారి ఒకటి పెట్టి చూద్దామని తాత అంటే బాపమ్మ ఒప్పుకోలే. "అంగడి దినం జనం వేరు, ఉత్త దినం జనం వేరయ్యా. ఒకదానికి మందిని ఇచ్చి, ఒకదానికి ఈగలనిస్తవా?" పొయ్యి కాడ కూసున్న మనిషికి ఆ ఆలోచన ఎట్లొచ్చిందో నాకు తెల్వదు. అందుకని పగటాల దాక ఒక బోర్డు, పగటాల నుంచి రెండోది. మరునాడు దానికి ఉల్టా. అట్ల నాలుగు దినాలు.

నాలుగు కావల్సింది ఐదైనయి. తప్పు నాదే. మొదటి దినం మాపటికి గురిగిల గింజలు చూస్తే నోరూరింది. వేంచుకొని తిన్న. తాత వచ్చి ఖాళీ గురిగి చూసిండు, నా దవడలు ఆడుడు చూసిండు. "గవి నలుగురు మనుషులు కాదే, నలభై మంది. అందరిని మింగినవా?" అన్నడు. మళ్ల మొదటి నుంచి.

ముతకబట్టనే గెలిచింది. దాని తప్పులు రెండే. తాత పువ్వుల బోర్డు గోడ నుంచి ఊడదీసి, దుమ్ము తుడిచి పక్కకు పెట్టిండు. బాపమ్మ ఏ వస్తువును ఊకె ఉండనియ్యదు. కాలు విరిగిన తినే బల్ల ఒకటి మూలకుంటే, ఆ బోర్డును దాని మీద పరిచి, కింద రెండు ఇటుకలు పెట్టింది. పెత్రమాసకు ఇంక మూడు దినాలు. తాత స్టూలు మీద మారాజు లెక్క కూసున్నడు.

ఆనాడు పొద్దు వంగినంక బాపమ్మ అన్నం గిన్నె తెచ్చి ఆయన ముంగట పెట్టింది. సగం అన్నం అట్లనే ఉన్నది.

"వారం సంది గిట్లనే మిగులుతున్నది" అన్నది. "వచ్చే మంది తగ్గలే. తినుడు తగ్గింది. ఎందుకో చెప్పు."

తాత గురిగి చూపిచ్చిండు. తప్పులు లేవని.

"నీ గింజలల్ల సగం తిన్న మనిషి లేడయ్యా" అన్నది బాపమ్మ. "మొదటి పళ్లెం పోంగనే నీ లెక్క అయిపోతది. ఇదివరకు సగం తిన్నోడు ఇటు తిరిగి ఇంకింత అన్నమని అడుగుతుండె. ఇప్పుడు బోర్డు ఉన్నదాయె. అడగాల్నంటే దాన్ని ముట్టుకోవాలె అనుకుంటున్నరు. చెయ్యి ఎంగిలి. ఎంగిలి చేతితోని పదిమంది ముట్టేదాన్ని ఎట్ల ముట్టుకుంటరు? ఎడమ చెయ్యి బువ్వ బొమ్మ మీద పెడతరా? పళ్లెం ముంగట నుంచి నడిమిట్ల లేస్తరా? కడుపు మాడ్చుకొని చెయ్యి కడుక్కొని పోతున్నరు."

నేను పళ్లాలు తీసేదాన్నే గద, నాకే కనబడలే. తాత గురిగి దిక్కు చూసిండు, గిన్నె దిక్కు చూసిండు. మళ్ల బాపమ్మ పెదవుల దిక్కు చూసిండు, ఇంకేమన్న అంటదేమోనని. ఆమె గిన్నె ఎత్తుకొని లోపలికి పోయింది. ఆ మాపు ఆయన సర్వపిండి గూడ ముట్టుకోలే.

తెల్లారి ఒక కట్టెపుల్ల వేలాడగట్టి, దాంతోని బొమ్మను తాకాలె అన్నడు. ఆ పుల్ల కోసం గూడ పళ్లెం ముంగట నుంచి లేవాలె. ఎవ్వలు లేవలే. రెండు దినాలే ఉన్నయి. బాపమ్మ ఉల్లిగడ్డల గంప పొయ్యి పక్కకు జరిపి, దాని ముంగట పీట వేసింది. తాత ఆ పీటను చూసిండు, నేను చూడనట్టు చేసిన.

పగటాల రైలుకు ఆసిఫాబాద్ దిక్కు నుంచి కనకవ్వ అని ఒక ముసలామె దిగింది. కొడుకు బొగ్గుబాయిల పనిచేస్తడట, చూడవోతున్నది. హోటల్ నిండిపోయింది. ఆమె మూలకున్న ఇటుకల బల్ల ముంగట కూసున్నది. పప్పు, అన్నం తిన్నది. పప్పు అయిపోయింది. అందరి లెక్కనే ఆమె గూడ కుడి చెయ్యి పళ్లెంల ఉంచి, ఎడమ చేతితోని గ్లాసు ఎత్తి నీళ్లు తాగింది. తాగి, గ్లాసును దించబోయి బల్ల మీది బొమ్మలను చూసింది. జరంతసేపు ఆలోచన చేసి, గ్లాసును జరిపి పప్పు బొమ్మ మీద పెట్టింది. పెట్టి తాత దిక్కు చూసింది.

తాత అద్దంల నుంచి చూస్తున్నడు. స్టూలు మీద నుంచి ఎట్ల లేచిండో, స్టూలు పడిపోయింది. ఆ చప్పుడుకు అందరు తిరిగి చూసిన్రు, ఆయనకు తప్ప అందరికి వినబడ్డది. తాత వచ్చి ఆమె గ్లాసును చూసిండు. ఎడమ చెయ్యి గ్లాసును ముట్టింది, గ్లాసు బొమ్మను ముట్టింది. ఎంగిలి లేదు, తప్పు లేదు, లేచే పని లేదు. ఆమెకు ఎదురుంగ కూసున్న ఒక బొగ్గుబాయి పిలగాడు ఇది చూసి, తన గ్లాసు తీసి తన దిక్కున్న వరుసల అన్నం మీద పెట్టిండు. గోడ మీద ఉన్ననాడు తలకిందులైన వరుస, అటు కూసున్నోనికి సక్కగనే ఉన్నది.

"రెండు దిక్కుల ఉండాలెనని చెప్పిన్నా లేదా?" అన్నడు తాత. ఊరంత వినేటట్టు అన్నడు. ఎంత గట్టిగ మాట్లాడుతడో ఆయనకు ఎన్నడు తెల్వదు.

బాపమ్మ లోపల నుంచి పప్పు గంటె తెచ్చి కనకవ్వ పళ్లెంల వేసింది. రెండు గంటెలు వేసింది. తాత దిక్కు మాత్రం చూడలే.

మిగిలిన దినమున్నర తాత, నేను, రాజయ్య కలిసి నాలుగు బల్లలకు రెండంచులు గీసినం. ముతకబట్ట గోడ మీదనే ఉన్నది, నిలబడి వచ్చేటోళ్ల కోసం. తాత ఈసారి సగం తిన్నోళ్లకే ఒక గురిగి పెట్టిండు. దాన్ని నేను ముట్టలే. ఆ మాపటికి బాపమ్మ అన్నం గిన్నె తెచ్చి ఆయన ముంగట బోర్లిచ్చింది. ఒక్క మెతుకు రాలలే.

పెత్రమాస తెల్లారి బాలమల్లు పరుపు చుట్టతోని రిక్షా దిగిండు. ఖాళీగ కనబడ్డ స్టూలు మీద కూసున్నడు, తాత వెనుక పండ్లు తోముకుంటుండె. బాపమ్మ బయటికి వచ్చింది.

"తమ్మీ, బాగున్నవా? పిల్లలు మంచిగున్నరా?"

"మంచిగున్నరక్కా."

"అది మీ బావ జాగ. నువ్వు లోపలికి రా" అన్నది. పీట చూపిచ్చి, ఉల్లిగడ్డల గంప ఆయన ముంగటికి జరిపింది. పాపం బాలమల్లు తాత మూడేండ్లు ఉల్లిగడ్డలు కోసిండు. ఏడ్చుకుంట కోసిండు గాని, అది ఉల్లిగడ్డల మహిమనే అని నేను అందరికి చెప్పిన.

ఆ బల్లలు ఇప్పటికీ ఉన్నయి. ఏటేటా తాతనే రంగు వేస్తడు. చెయ్యి వణికి పూరీ జర వంకరైంది, అడిగితే అది అట్లనే పొంగిందంటడు. వెంకటి ఇప్పటికీ పూరీ బొమ్మ మీద గ్లాసు పెట్టడు, మామ గుర్తుపడతడో లేదో అని ఊకె కూసుంటడు. తాత గుర్తుపడతడు.

నుమాయిష్ నుంచి వచ్చినంక ఇదంత కాగితాల మీద రాసిన. నిన్న తీసుకపోయి తాత చేతిల పెట్టిన. కండ్లద్దాలు పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం మీద వేలు జరుపుకుంట చదివిండు. చింతగింజల కాడ ఒకసారి, పీట కాడ ఒకసారి ఆగిండు. అయిపోయినంక కాగితాలు మడిచి నాకే ఇచ్చిండు.

"ఎట్లున్నది తాతా?" అని ఆయన ముంగటికి వంగి అడిగిన.

"నన్ను అడిగితే ఏం ఎరుకైతదే పిచ్చిదానా? నా సంగతి నాకు తెల్సు. రైలు దిగినోని చేతిల పెట్టు. పెట్టి, నువ్వు అటు తిరిగి కూసో."